పిట్టల ఇంటి చుట్టాలు

మా ఇంట్లో దూలం దాకా మాది, దూలం పైన పిచ్చుకలది. కాగితం మీద రాసుకున్న పంపకం కాదు గానీ, తెనాలి చుట్టుపక్కల పెంకుటిళ్లలో పుట్టి పెరిగిన మా ఈడు వాళ్లందరికీ తెలిసిన పంపకమే. గూనపెంకుల వరసల కింద చెయ్యి దూరని సందులుండేవి. వాసానికీ గోడకీ మధ్య మట్టి రాలి బొక్కలు పడేవి. పైఅంచు ముందుకు వాల్చి మేకుకి తగిలించిన పటాల వెనక మూడు మూలల ఖాళీ మిగిలేది. ఈ జాగాలన్నీ పిచ్చుకలకి రాసిచ్చినట్టే. తాతయ్య ఫోటో వెనక ఒక జంట, వెంకటేశ్వరస్వామి పటం వెనక ఒక జంట, వసారాలో కరెంటు మీటరు బిగించిన చెక్క మీద ఒక జంట. కొత్త వడ్లు ఇంటికొచ్చినప్పుడు బాబాయి వరికంకుల్ని కుచ్చుగా అల్లి చూరుకి వేలాడదీసేవాడు. అది వాటి వాటా.

పిచ్చుకల విషయంలో నాయనమ్మది ఒకటే చట్టం. గూడు కట్టడం మొదలెట్టాక ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలు ఎగిరిపోయాక ఆ గూడు ఒక్కపూట కూడా ఉండకూడదు. చట్టంలో మొదటి సగం చూసి ఇరుగుపొరుగు ఆవిడ్ని దయగల మనిషి అనేవాళ్లు. రెండో సగం చూసి చాదస్తం అనేవాళ్లు. పక్షుల గురించి ఆ తర్వాత నేను చదివినదంతా ఆ రెండో సగానికి వ్యాఖ్యానమే.

మగపిచ్చుక గడ్డం కింద నల్లమచ్చ ఉంటుంది. జాగా చూసుకునేది అదే. చూసుకున్న చోట కూచుని, ఆడది వచ్చేదాకా కిచకిచమంటూ ఊరంతా చాటుతుంది. తర్వాత ఇద్దరూ మోస్తారు: ఎండుగడ్డి, కొబ్బరిపీచు, బొంత చిరుగులోంచి లాగిన దారాలు, దూది, కోడి ఈకలు. సగం కింద పడుతుంది. అమ్మ రోజుకి మూడుసార్లు ఊడ్చేది. లోపల గుడ్లు మూడో నాలుగో, తెలుపు మీద గోధుమరంగు చుక్కలతో ఉంటాయి. పదకొండు నుంచి పద్నాలుగు రోజులు పొదుగుతుంది. పుట్టిన పిల్లలకి ఒంటిమీద నూలుపోగంత ఈక కూడా ఉండదు. కళ్లు మూసుకునే ఉంటాయి, నోటి చుట్టూ పసుపుపచ్చటి అంచు. ఏడాదంతా మా వడ్లు తినే పిచ్చుక పిల్లలకి మాత్రం పురుగులే పెడుతుంది. పెరట్లో వంగమొక్కల మీది ఆకుపచ్చ పురుగు ముక్కున పట్టుకుని పటం వెనక్కి దూరడం, లోపల గోల లేవడం, మళ్లీ బయటికి రావడం, పొద్దుగూకేదాకా ఇదే పని. రెండు వారాలకి పిల్లలు ఎగిరిపోతాయి.

అసలు కథ అప్పుడు మొదలవుతుంది. అన్నయ్య మంచం తాతయ్య ఫోటో కింద ఉండేది. ఒక వేసవిలో పొద్దున్నే లేచేసరికి వాడి చేతుల నిండా, మెడ మీద ఎర్రటి దద్దుర్లు. దోమలంది అమ్మ. నల్లులన్నాడు బాబాయి. నాయనమ్మ వాడి చేతులు తిప్పి తిప్పి చూసింది.

"తాతయ్య వెనకాల ఖాళీ అయి ఎన్నాళ్లయిందిరా?"

"నాలుగైదు రోజులు, నాయనమ్మా."

"అదీ సంగతి. తిండి పెట్టేవాళ్లు వెళ్లిపోయారు. ఆకలేసి నీ మీదికి దిగాయి. లే, పటం దింపు."

ఆ గూడుని చేటలో పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టి ఎండలోకి తెచ్చింది. మొదట ఏమీ కనపడలేదు. చీపురుపుల్లతో కదిపాక గుడ్డ మీద దుమ్ము నడిచింది. మోకాళ్ల మీద వంగి చూస్తే ఒక్కొక్కటీ మిల్లీమీటరు కూడా లేదు. కొన్ని బూడిదరంగులో పాలిపోయి ఉన్నాయి, కొన్ని ముదురెరుపు. "ఎర్రవి తిన్నవి, తెల్లవి తిననివి" అంది నాయనమ్మ. తిన్నవాటి కడుపులో ఉన్నది పిచ్చుకపిల్లల నెత్తురో అన్నయ్య నెత్తురో ఆవిడ చెప్పలేదు. గూడు నీళ్లు కాగే పొయ్యిలోకి వెళ్లింది, గోడ మీద సలసలా మరిగే నీళ్లు పడ్డాయి, మర్నాడు సున్నం పడింది.

ఊళ్లో అందరూ వాటిని పిచ్చుక పేలు అనేవాళ్లు. నిజానికి పేలకి ఆరు కాళ్లు, వీటికి ఎనిమిది. ఇవి పిడుదులకీ సాలెపురుగులకీ దగ్గరి చుట్టాలు. మనలాంటి వేడి దేశాల్లో పిట్టగూళ్లలోనూ కోళ్లగూళ్లలోనూ ఎక్కువగా కనిపించే వీటి జాతికి శాస్త్రజ్ఞులు ఆర్నిథోనిస్సస్ బర్సా అని పేరు పెట్టారు. గుడ్డు నుంచి గుడ్లు పెట్టే వయసుకి రావడానికి వీటికి వారం అటూఇటూ చాలు. పిచ్చుకపిల్లలు గూట్లో ఉండేది రెండు వారాలు. అంటే పిల్లలు కళ్లు తెరిచి, ఈకలు తొడిగి, ఎగరడానికి సిద్ధమయ్యేలోపు కింద గడ్డిలో రెండు తరాలు పుట్టి పెరుగుతాయి. గూటి మీద వేడి ఉన్నన్నాళ్లు అవి అక్కణ్ణించి కదలవు. ఆ వేడి పోయిన రోజున వందలు వేలుగా గోడ దిగుతాయి. మనల్ని కుడతాయి గానీ మన మీద సంసారం చెయ్యలేవు. పిట్ట దొరక్కపోతే కొద్ది వారాల్లో చచ్చిపోతాయి. ఆ కొద్ది వారాలూ దురద మనది.

అసలు పేలు మాకు కోళ్ల దగ్గర తెలిశాయి. పెట్టని పొదగేసే రోజు నాయనమ్మ చేసే ఏర్పాటు చూడాల్సిందే. పాత గంపలో అడుగున పొయ్యిబూడిద జల్లెడ పట్టి పోసేది. దాని మీద గడ్డి, గడ్డిలో వేపాకు, ఆ పైన గుడ్లు. ఉరుములకి గుడ్లు చెడిపోకుండా గంపలో ఒక బొగ్గుముక్క, ఇనుపముక్క, ఎండుమిరపకాయ. బొగ్గూ ఇనుమూ ఉరుముల్ని ఆపుతాయో లేదో గానీ బూడిదకీ వేపాకుకీ పని ఉంది. పొదిగే పెట్ట మూడు వారాలు గంప దిగి పట్టుమని పది నిమిషాలు తిరగదు. ఒళ్లు దులుపుకునే తీరిక ఉండదు. పేలకీ పురుగులకీ అంతకంటే మంచి కాలం లేదు. గంప దిగిన ఆ కాసేపట్లో పెట్ట తిండి కంటే ముందు దిబ్బ దగ్గర పొడిమట్టిలోకి పోయేది. రెక్కలతో మట్టి ఎగజిమ్ముకుని, ఒక పక్కకి ఒరిగి, మెడ నేలకి రాసి, ఈకల మొదళ్ల దాకా దుమ్ము పట్టించుకుని లేచి ఒక్కసారి విదిలించేది. చుట్టూ మబ్బు లేచేది.

పిచ్చుకలూ అంతే. వీధిలో బండి చక్రాలకి నలిగిన మెత్తటి మట్టిలో ఒక్కోటీ తన పొట్ట పట్టేంత గుంట చేసుకుని, వరసగా కూచుని పొర్లేవి. ఒక గుంట కోసం రెండు కొట్టుకునేవి. పిచ్చుకలు మట్టిస్నానం చేస్తే వాన అనేది నాయనమ్మ. వాన సంగతి ఎలా ఉన్నా, ఈకలకి పట్టిన జిడ్డు వదిలేది, దాన్ని ఆశ్రయించి బతికేవాటికి ఇబ్బంది కలిగేది. మరికొన్ని పిట్టలు ఇదే పని చీమలతో చేస్తాయి. గోరింకో కాకో చీమలపుట్ట మీద రెక్కలు పరిచి చతికిలపడుతుంది, లేదా చీమని ముక్కున పట్టి ఈకల కింద రుద్దుకుంటుంది. చీమలు చిమ్మే ఆమ్లం వల్ల పేలు తగ్గుతాయన్నది ఒక వాదన. తినేముందు చీమల్లోని ఘాటు వదిలించుకోడానికన్నది ఇంకో వాదన. పక్షి శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

వేపాకు మాటకొస్తే, 1981లో ఒక ఆస్ట్రేలియా పక్షిశాస్త్ర పత్రికలో ఊరపిచ్చుకల మీద ఒక చిన్న వ్యాసం వచ్చింది. మన దేశంలో పిచ్చుకలు గూళ్లలో వేపాకు తెచ్చి పెట్టుకుంటాయనీ, పురుగుల్ని దూరం పెట్టడానికి అది పనికొస్తుందనీ దాని సారాంశం. అది చదివినప్పుడు నాకు వడ్ల పురిలో, బియ్యం డబ్బాలో, పొదుగుగంపలో నాయనమ్మ దూసి వేసిన వేపమండలన్నీ గుర్తొచ్చాయి. 2013లో మెక్సికో నగరం నుంచి ఇంకో విచిత్రం వచ్చింది. అక్కడి పిచ్చుకలు సిగరెట్ పీకలు ఏరుకొచ్చి గూళ్లలో పరుస్తున్నాయట. పీకల్లోని దూది ఎక్కువున్న గూళ్లలో పురుగులు తక్కువ కనిపించాయి. పొగాకు పురుగుమందని మా గుంటూరు జిల్లా వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిచ్చుకకి ఎవరు చెప్పారన్నదే ప్రశ్న.

అన్నయ్య పావురాలు పెంచేవాడు. చూరు కింద అడ్డంగా కట్టిన కుండలే వాటి ఇళ్లు. వాడు పావురాన్ని రెండు చేతుల్లో పట్టుకుని రెక్క విప్పితే నేను పేలు వెతికేదాన్ని. పావురం రెక్కల మీద ఉండే పేను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎందుకలా ఉంటుందో దాని బతుకు చూస్తే తెలుస్తుంది. రెక్క ఈకలో పక్కపక్కన ఉండే పోగుల మధ్య సన్నటి గాళ్లుంటాయి. పావురం ముక్కుతో ఈక దువ్వుకునేటప్పుడు ఆ పేను పోగుల మధ్య గాడిలోకి ఒదిగి పడుకుంటుంది, ముక్కు పైనుంచి జారిపోతుంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని మన సామెత. పావురం అంత తేలిగ్గా పెత్తనం ఇవ్వదు. దాని పైముక్కు కొన కింది ముక్కు దాటి కాస్త వంగి ఉంటుంది. ఆ కొనకీ కింది ముక్కు అంచుకీ మధ్య పేను నలిగి చస్తుంది. అమెరికాలో పరిశోధకులు కొన్ని పావురాలకి ఆ కొన మాత్రం అరగదీసి చూశారు. తిండి తినడానికి ఏ లోటూ రాలేదు గానీ ఒళ్లంతా పేలు పెరిగిపోయాయి. ఆ వంపు ఉన్నది దువ్వెన పని కోసమేనని అలా తేలింది.

పావురం రెక్క కింద అప్పుడప్పుడూ ఒక ఈగ బయటపడేది. బల్లపరుపుగా, గట్టిగా ఉండేది. వేలితో నొక్కినా చావదు, ఈకల మీద పీతలా పక్కకి పరిగెత్తి అవతలి రెక్క కిందికి దూరుతుంది. నాకు ఒళ్లు జలదరించేది, అన్నయ్య ఏడిపించడానికి దాన్నే నా మీద వదిలేవాడు. ఈ ఈగ గుడ్లు పెట్టదు. ఒకసారికి ఒక్క పురుగుపిల్లని కడుపులోనే పెంచి, పెద్దదయ్యాక గూట్లో విడుస్తుంది. దాని చుట్టూ ఉన్న వ్యవహారం ఇంకా విచిత్రం. సన్నపేనుకి రెక్కలుండవు, ఒక పావురం మీంచి ఇంకో పావురం మీదికి వెళ్లాలంటే రెండూ ఒకదానికొకటి తగలాలి. అలా తగిలే వేళ రాకపోతే ఆ పేను ఈ ఈగ కాలు పట్టుకుని వేలాడుతుంది. ఈగ కొత్త పావురం మీద వాలితే పేనూ దిగుతుంది. నెత్తురు తాగే ఈగ మీద ఈక తినే పేను ఎక్కి ఊరేగడం! ఈ ఈగే పావురాల నెత్తుట్లోకి మలేరియా సూక్ష్మజీవికి దగ్గరి బంధువైన ఒక సూక్ష్మజీవిని కూడా ఎక్కిస్తుంది. ఒక్క పిట్టని పట్టుకుంటే ఇంతమంది చేతికొస్తారు.

మలేరియా అన్నాను కాబట్టి పిచ్చుకకి మనం పడ్డ బాకీ ఒకటి చెప్పాలి. చదువుకోసం హైదరాబాదు వెళ్లాక బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరున్న పాత భవనం చూశాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు కోసి, దాని గోడలో ఆ సూక్ష్మజీవిని రాస్ చూసింది అక్కడే. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది. అక్కడితో దారి సగమే తెలిసింది. దోమలోకి వెళ్లింది మళ్లీ బయటికి ఎలా వస్తుంది? ఆ తర్వాతి ఏడు కలకత్తాలో రాస్‌కి పనికొచ్చే మనుషులు దొరకలేదు, పిట్టలు దొరికాయి. పిచ్చుకలకీ మలేరియా వస్తుంది. మనకి వచ్చేది వేరు, వాటికి వచ్చేది వేరు, మోసే దోమలూ వేరు. అయినా దారి ఒకటే. జబ్బుపడ్డ పిట్టల్ని కుట్టిన దోమల్లో ఆ సూక్ష్మజీవి లాలాజల గ్రంథుల దాకా చేరడం చూశాడు. 1898 జూలైలో ఆ దోమల చేత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని కుట్టించి, వాటికి జబ్బు రావడం రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పటాల వెనక కాపురం చేసే ఆ పిట్టే ఇక్కడా సాక్ష్యం చెప్పింది.

ఇల్లు దాటి పొలం గట్టెక్కితే గూళ్ల తీరు మారేది. కాలవలో నీళ్లు వదిలి, నారుమళ్లు పచ్చబడ్డ రోజుల్లో గిజిగాళ్లు దిగేవి. కాలవ మీదికి వాలిన తాటిమట్టల చివర వాటి గూళ్లు వేలాడేవి. గిజిగాడు ఆకుని కొరుక్కురాదు. ఆకు అంచున ముక్కుతో ఒక గాటు పెట్టి, ఆ గాటు దగ్గర పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే వేగానికి ఆకు పొడుగునా సన్నటి పేలిక చీరుకుని వస్తుంది. గూడు కట్టేది మగదే. సగం కట్టి, బోర్లించిన టోపీ ఆకారం రాగానే ఆపి, కింద వేలాడుతూ రెక్కలాడిస్తుంది. ఆడవి వచ్చి లోపలికెళ్లి, లాగి చూసి, నచ్చితే ఉంటాయి. ఉంటేనే గుడ్ల అర, కిందికి దిగే గొట్టం పూర్తవుతాయి. అవి పూర్తవగానే మగది పక్కన ఇంకో గూడు, ఇంకో సంసారం మొదలెడుతుంది. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1930లో బొంబాయి దగ్గర కిహీంలో కూచుని ఈ గుట్టంతా రాసేదాకా, గిజిగాడు ఏకపత్నీవ్రతుడనే అనుకునేవాళ్లు. నచ్చని సగం గూళ్లు చెట్టుకి అలాగే వేలాడేవి. గూడు లోపలి గోడకి తడిమట్టి ముద్దలు అంటించి ఉండేవి. దానికి మిణుగురుల్ని గుచ్చి దీపం పెట్టుకుంటుందని మాకు చెప్పేవాళ్లు. గాలికి ఊగిపోకుండా బరువు కోసమని చదువుకున్నవాళ్లు అంటారు. ఏమైనా, గిజిగాడు ప్రతి ఏడూ పచ్చటి ఆకుతో కొత్తగా మొదలెడుతుంది. కొత్త గూట్లో పాత ఆకలి కాచుకుని ఉండదు.

తొర్రల్లో ఉండేవాటికి ఆ భోగం లేదు. మా పొలంలో తల తెగిన తాటి మొండెం ఒకటి ఏళ్ల తరబడి నిలబడే ఉంది. దానికి బొక్క తొలిచింది వడ్రంగి పిట్ట. మరుసటి ఏడు చిలకలు దిగాయి. తర్వాత గోరింకలు. పాలపిట్ట ఒకటి పైన విరిగిన చోట గూడు పెట్టింది. తొలిచే ముక్కు ఒక్కరికే ఉంది, ఇల్లు అందరికీ కావాలి. పాతవాళ్లు ఖాళీ చేసిన తొర్రలో కొత్తవాళ్లకి చెత్తతోపాటు పురుగులూ వారసత్వంగా వస్తాయి. గోరింకల గూడు కింద పడినప్పుడు చూస్తే గడ్డి, కాగితాలు, జుట్టు, వాటితో పాటు జానెడు పాము కుబుసం. ఇక పిల్లలెవరూ ఆ మొండెం దగ్గరికి పోలేదు. గోరింక చుట్టమే అయిన స్టార్లింగ్ పాశ్చాత్య దేశాల్లో తొర్రల్లోనే ఉంటుంది. అది ప్రత్యేకంగా ఘాటు వాసన ఉన్న పచ్చి ఆకులు ఏరి తెచ్చి పాత తొర్రలో పెడుతుంది. ఆ ఆకులు తీసేస్తే పురుగులు పెరిగాయని పరీక్షించి చూశారు.

తీతువుది ఇంకో దారి. అసలు గూడే కట్టదు. చవుడు నేలలో నాలుగు రాళ్లు పక్కకి జరిపి, మట్టిరంగు గుడ్లు నాలుగు పెడుతుంది. దగ్గరికెళ్తే తల మీద తిరుగుతూ అరుస్తుంది, ఆ అరుపుని అశుభమంటారు. మిట్టమధ్యాహ్నం ఎండకి గుడ్లు ఉడికిపోకుండా నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటి మీద కూచుంటుంది. గుడ్డు పగిలిన రోజే పిల్లలు లేచి నడుస్తాయి, రెండోరోజు అక్కడ ఎవరూ ఉండరు. గడ్డి లేదు, సందు లేదు, రెండు వారాలు కదలకుండా పడుండే వేడి ఒళ్లు లేదు. గూట్లో కాపురముండే పురుగుకి తీతువు దగ్గర బేరం కుదరదు. ఎంత మెత్తటి గూడు కడితే అంతమంది చుట్టాలొస్తారు.

చుట్టాల్లో అందరికంటే పెద్దది రెక్కలున్నదే. పెరటి వేపచెట్టు మీద కాకులు పుల్లలతో, ఇనుపతీగ ముక్కలతో గూడు పెట్టగానే కోయిల వచ్చేది. నల్లటి మగకోయిల ఎర్రకళ్లతో గూడు ఎదురుగా వాలి కూసేది. కాకులు రెండూ కోపంగా దాన్ని తరుముకుపోయేవి. ఒళ్లంతా తెల్లచుక్కలున్న ఆడకోయిల ఆకుల్లోంచి చప్పుడు లేకుండా వచ్చి పని ముగించుకు పోయేది. కోయిల గుడ్డు కాకిగుడ్డు కంటే ముందు పగులుతుంది. ఐరోపా కోకిలపిల్ల తక్కిన గుడ్లన్నిట్నీ వీపుతో తోసి పారేస్తుంది. మన కోయిలపిల్ల అంత దుర్మార్గం చెయ్యదు, చాలాసార్లు కాకిపిల్లలతో కలిసే పెరుగుతుంది. గోడ మీద కూచుని నోరు తెరిచి గీపెట్టే చుక్కలపిల్ల నోట్లో కాకి అన్నం ముద్ద కుక్కడం చూసి అమ్మ నవ్వేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఆ కాకికి కోయిలపిల్లా ముద్దే.

కోకిలల పేల గురించి చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు. పేను సాధారణంగా తల్లినుంచి పిల్లకి గూట్లోనే అంటుతుంది. ఐరోపా కోకిల పెరిగేది పరాయి గూట్లో. కన్నతల్లి రెక్క దానికి ఎన్నడూ తగలదు. మరి కోకిలలకే ప్రత్యేకమైన పేలు దానికెలా వస్తాయి? పెంపుడు గూడు వదిలిన కోకిలపిల్లల మీద ఆ పేలు కనబడవు. పెద్దదై, తన జాతి కోకిలతో జతకట్టినప్పుడు అంటుతాయని అంచనా. కన్నవాళ్లు ఎవరో తెలియని పిట్టకి వంశం నుంచి అందే మొదటి ఆస్తి అదే.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ గూళ్లు పెడతాయి. ఊరివాళ్లే వాటికి కాపలా. పెళ్లయ్యాక పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లాను. ఒక గూడబాతు మెడ వెనక్కి వంచి ఆవులించింది. కింది ముక్కుకి వేలాడే తోలుసంచి మెడ మీదుగా తిరగబడింది. పిల్లలు కేకలేశారు. గూడబాతుల జాతికి ఆ సంచి లోపల, నోట్లోనే, కాపురముండే పేలున్నాయి. చేపలు పట్టే గిన్నెలో, నీళ్లూ చేపలూ వచ్చిపోతుంటే, గోడకి కరుచుకుని ఉంటాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం బయటికొచ్చి ఈకల మీద పెడతాయి. ఈ సంగతి చెబితే మా పెద్దాడు ముఖం చిట్లించి, "ఛీ, వాటిని మందు కొట్టి చంపెయ్యచ్చుగా" అన్నాడు.

అలా చంపేసిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు దాదాపు అంతరించిపోయింది. 1987లో అడవిలో మిగిలినవాటిని కూడా పట్టేశారు. మొత్తం 27 మిగిలాయి. వాటిని ఒక్కొక్కటే కంటికి రెప్పలా చూసుకుంటూ, ముందుగా ఒంటిమీది పేలు లేకుండా మందేశారు. కాండర్ బతికింది, పెరిగింది, మళ్లీ ఆకాశానికెక్కింది. దాని మీద తప్ప ఇంకెక్కడా బతకని పేను జాతి మాత్రం భూమ్మీద లేకుండా పోయింది. ఆ పేను కాండర్ని చంపుతోందన్న ఆధారమేమీ లేదు. ఒక ప్రాణిని కాపాడే కార్యక్రమంలో ఇంకో ప్రాణి ఎవరూ చూడకుండా అంతరించింది. మా ఊరి చివర చచ్చిన పశువుల్ని పడేసే చోట చిన్నప్పుడు రాబందులు మెడలు చాచి గుమిగూడేవి. తొంభైల నుంచి అవి కనుమరుగయ్యాయి. పశువులకి వేసే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించేసరికే నూటికి తొంభైకి పైగా పోయాయి. రాబందులు పోయాయని మనం బాధపడ్డాం. వాటితో పాటు ఎవరెవరు పోయారో ఆరా తీసినవాళ్లు తక్కువ.

పేల మీద నాకేమీ ప్రేమ లేదు. అన్నయ్య చేతుల మీది దద్దుర్లు నాకింకా గుర్తే. కానీ పిట్ట ముక్కు వంపు, మట్టిస్నానం, గూట్లో వేపమండ, ఏటేటా కొత్త గూడు, వీటిలో చాలా భాగం ఆ చుట్టాల పుణ్యమే. వాళ్లని తీసేసి పిట్టని అర్థం చేసుకోలేం. వాళ్లతో ఎక్కడిదాకా సర్దుకోవాలో, ఎక్కడ చేట తీసుకోవాలో మాత్రం తెలిసి ఉండాలి.

ఇప్పుడు విజయవాడలో మా అన్నయ్య కొడుకు అపార్టుమెంటు బాల్కనీలో పిచ్చుకల పెట్టె కట్టాడు. 2010 నుంచి మార్చి 20న పిచ్చుకల దినోత్సవం జరుపుతున్నారు కదా, ఆ ఊపులో. పెట్టె బాగానే ఉంది. ముందు ముప్పైరెండు మిల్లీమీటర్ల రంధ్రం, ఎండ తగలని గోడ. ఒక జంట చేరింది కూడా. కానీ మూత నాలుగు వైపులా మేకులు కొట్టేశాడు.

"అత్తా, పిల్లి తియ్యకుండా గట్టిగా బిగించాను" అన్నాడు.

పిల్లలు ఎగిరిపోయాక ఆ మేకులు పీకి మడతబందులు వెయ్యమన్నాను, కొక్కెం పెట్టుకుంటే పిల్లీ తియ్యలేదు. ప్రతి విడత పిల్లలూ వెళ్లిపోగానే గడ్డంతా తీసి, వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి మళ్లీ తగిలించాలి. లేకపోతే రెండో విడత పిల్లలు మొదటివాళ్ల పురుగుల మధ్య పుడతాయి, మిగిలినవి వాడి పడగ్గది కిటికీ దారి పడతాయి. పెట్టెలో పురుగుమందు పొడి చల్లొద్దని గట్టిగా చెప్పాను. ఈకలు రాని పిల్లల ఒంటికి ఆ పొడి అంటుతుంది. అన్నిటికంటే వాడికి వింతగా తోచింది చివరి మాట. బాల్కనీలో నీళ్ల గిన్నె పక్కన, వెడల్పాటి పళ్లెంలో జల్లెడ పట్టిన పొడిమట్టి పెట్టమన్నాను. మొజాయిక్, టైల్స్, సిమెంటు రోడ్డు తప్ప ఏమీ లేని ఆ వీధిలో నీళ్ల గిన్నెలు పెట్టే మంచివాళ్లు చాలామందే ఉన్నారు. పిచ్చుకకి అక్కడ కరువైంది దుమ్ము.